సందు పళ్ళు, చిన్న డెక్క

మార్చి 2

ఇవాళ మా ఆవిడకు పళ్ళ సెట్టు పెట్టాం. పెట్టింది డాక్టరమ్మ, చేసింది నేను. ఈ చేతులతో ఊళ్ళో సగం మందికి పళ్ళు చేసి ఉంటాను గానీ ఇలాంటి సెట్టు ఇంతవరకు చేయలేదు. పై వరస దారం పట్టి పేర్చినట్టుంది. ముందు రెండు పళ్ళ మధ్య చిన్నప్పటి నుంచి ఉన్న సందు పూడ్చేశాను. ఎడమ కోరపన్ను కాస్త పక్కకు తిరిగి ఉండేది, దాన్నీ బుద్ధిగా వరసలో నిలబెట్టాను. పెళ్ళయిన కొత్త నుంచీ నాకు ఆ రెంటి మీదే కన్ను. చిగుళ్ళ జబ్బుకు పళ్ళన్నీ తీసేయాల్సి వచ్చింది, దాని పుణ్యమా అని ఇప్పటికి కుదిరింది.

డాక్టరమ్మ చేతి అద్దం ఇచ్చింది. మా ఆవిడ చాలాసేపు చూసుకుంది. "బాగున్నాయి" అని అద్దం బోర్లా పెట్టేసింది.

ఇంటికి వచ్చేదాకా నోటికి చెయ్యి అడ్డం తీయలేదు. అలవాటు కావాలి, ఎవరికైనా అంతే. సెట్టులో లోపం లేదు.

మార్చి 3

సెట్టు గ్లాసు నీళ్ళలో ఉంది. ఆవిడ కిటికీ దగ్గర ఉంది.

మార్చి 4

ఇవాళ కూడా సూప్, మెత్తగా చిదిమిన బంగాళాదుంప. నాకూ అదే. ఆవిడ తినేవరకు నేనూ కొరికేదేమీ తినకూడదని పెట్టుకున్నాను. పైకి మాత్రం కడుపు బాగోలేదని చెప్పాను.

ఫ్యాను గాలికి పేజీలు ఎగురుతుంటే ఆ పాత ప్లాస్టర్ అచ్చు బరువు పెట్టి రాస్తున్నాను. ఆవిడ పళ్ళ అచ్చే. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో తీసిన మొట్టమొదటి అచ్చు. అప్పటికి పెళ్ళి మాట కూడా లేదు. నోట్లో అచ్చు తీసే ముద్ద అంత పెట్టుకుని కూడా నవ్వింది, అందుకే ఒక మూల చెదిరింది. దుమ్ము పట్టింది, కడగాలి.

మార్చి 6

సాయంత్రం మా బావమరిది వచ్చాడు. చేపల మార్కెట్లో దుకాణం వాడిది. వాడు వస్తే చేపల వాసన, వాడి నోరు, రెండూ ఆగవు.

"అక్కా, నిన్న ఒకాయన నా దగ్గర పీత కొనుక్కెళ్ళి మళ్ళీ పట్టుకొచ్చాడు. ఇది పక్కకే పోతోందయ్యా, తిన్నగా నడిచేది ఉంటే ఇవ్వు అన్నాడు."

ఇదివరకైతే ఈ మాటకు ఆవిడ నవ్వే నవ్వుకు కింద వీధిలో వాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. ఇవాళ కళ్ళతో మాత్రం నవ్వింది. చెయ్యి నోటి మీదే ఉంది. బావమరిది ఇంకో జోకు మొదలుపెట్టబోయి ఊరుకున్నాడు. వాడు ఊరుకోవడం నేను చూడ్డం ఇదే మొదలు.

మెట్ల దాకా దిగబెట్టడానికి వెళితే గొంతు తగ్గించి అన్నాడు. "బావా, అక్క ఉద్యోగం మానేస్తానంటోంది. నీతో చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను. చెప్పలేదు.

బస్ స్టేషన్లో మైకు ముందు ఆ కుర్చీ నాకంటే ముందు నుంచీ ఆవిడది. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో ఆ గొంతు చెబితేనే ఊరు కదులుతుంది. సందులోంచి గాలి పోయి ప్రతి 'స' దగ్గర సన్నగా ఈల వినిపించేది. అందుకని ప్రయాణికులు ఈల మేడం అని పేరు పెట్టారు. పళ్ళ పనివాడి పెళ్ళాన్ని అలా పిలుస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు ఆ బాధ లేదు. అయినా నెలాఖరుకు సెలవు అయిపోగానే వెళ్ళి రాజీనామా ఇచ్చి వస్తుందట. తమ్ముడితో చెప్పింది, నాతో చెప్పలేదు.

తినడం లేదు, అందుకే నీరసం, నీరసంలో వచ్చిన ఆలోచన అది. నోటికి రుచి తగిలితే సెట్టు తనే పెట్టుకుంటుంది. ఆవిడకు లాబ్‌స్టర్ అంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో ఒక హోటల్లో డొప్పలోనే వండి తెచ్చారు, పైన చీజ్ ఎర్రగా కాలి ఉంది. ముందు కొండీల్లాంటి డెక్కలు పగలగొట్టడానికి ప్లేటు పక్కనే పట్టకారు పెట్టారు. ఆవిడ దాని వంక కూడా చూడకుండా డెక్కను నోట్లో పెట్టుకుని పటుక్కున కొరికింది. రసం పళ్ళ సందులోంచి చిమ్మి నా చొక్కా మీద పడింది. వెయిటరు పరిగెత్తుకొచ్చాడు. హోటలంతా వినబడేలా నవ్వింది.

ఆ వంటకమే ఇంట్లో చేస్తాను. నాకు టీ తప్ప ఏమీ రాదు. అయితే ఏం? సన్నపని చేసే చేతులివి.

మార్చి 8

రాలేదు.

వంట చెడిన సంగతి వివరంగా రాయాలి, లేకపోతే రేపు నేనే ఒప్పుకోను. బావమరిది బతికున్న లాబ్‌స్టర్ ఇచ్చాడు, డెక్కలకు రబ్బరు బ్యాండ్లు వేసి. "ముందు ఫ్రీజర్లో పెట్టు బావా, మత్తుగా పడుకుంటుంది, దానికీ బాధ ఉండదు" అన్నాడు. పెట్టాను. ఒకటికి రెండుసార్లు తలుపు తీసి చూశాను. మూడోసారి తీసినప్పుడు అది నన్ను చూసింది. మర్యాదగా మూసేశాను.

ఉడకబెట్టడం వరకు బాగానే వచ్చింది, నల్లగా ఉన్నది ఎర్రబడింది. కానీ ఉడికిందో లేదో అన్న అనుమానంతో ఇంకాసేపు, ఇంకాసేపు అని ఉంచాను. నిలువుగా చీల్చి కండ తీస్తే మేం పళ్ళ కొలతకు వాడే రబ్బరులా తయారైంది. నిజానికి ఆ రబ్బరే కాస్త మెత్తన.

సాస్ ఇంకో కథ. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, ఆవపిండి ముద్ద కలిపి, గుడ్డు సొన వేయాలి. వేశాను. చూస్తుండగానే ఉండలు ఉండలుగా విరిగిపోయింది.

"మంట మీద సొన పోస్తే అట్టవుతుంది. దించి, కాస్త ఆరాక పొయ్యాలి."

వెనక గుమ్మంలో ఆవిడ. చెయ్యి నోటి మీద ఉంది గానీ అంత పొడుగు మాట ఈ వారంలో ఇదే.

నియమం తప్పి రబ్బరు ముక్కలు నేనే తిన్నాను. ఆవిడ సూప్ తాగింది.

మార్చి 9

సెట్టు తీసి మళ్ళీ పరీక్షించాను. బైట్, అంటే పై పళ్ళు కింది పళ్ళ మీద కూర్చునే తీరు, సరిగా ఉంది. అంచులు నున్నగా ఉన్నాయి. సెట్టులో లోపం లేదు.

మార్చి 11

లాబ్‌స్టర్ లేకుండా ఉత్త సాస్ చేసి చూశాను. విరగలేదు! ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుని గిన్నె వంక చూస్తూ ఉంది. చెంచాతో కాస్త తీసి నాకింది. "ఉప్పు" అంది. ఆ ఒక్క మాటకే నాకు ఈల వేయాలనిపించింది. నాకు రాదు.

మార్చి 13

ఇవాళ కండ బ్రహ్మాండంగా ఉడికింది. సరైన సమయానికి తీసి చల్లటి నీళ్ళలో వేశాను. ఆవిడే చెప్పింది. డొప్పను రెండు దోనెలుగా చీల్చి, మైనం చెక్కే పనిముట్టుతో కండంతా చెదరకుండా లాగాను. డాక్టరమ్మ చూస్తే జీతం పెంచేది. సాస్ పట్టులా వచ్చింది. అన్నీ కలిపి డొప్పలో నింపుదామనుకునేసరికి కనబడింది, ఒక దోనె అంచున నెర్రె.

నా బుర్రకు తట్టిన ఉపాయం భూమ్మీద ఇంకెవరికీ తట్టదు. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న గులాబీ రంగు మైనం ముక్క జేబులో ఉంది. చిగుళ్ళ నమూనాకు వాడేది. వేడి చేసి నెర్రెకు పూశాను, వేలితో నున్నగా తుడిచాను. నెర్రె ఎక్కడుందో నాకే తెలియలేదు. ఓవెన్లో పెట్టాను.

చీజ్ కాలుతున్న వాసన వస్తుందని ఎదురుచూస్తుంటే కొవ్వొత్తుల దుకాణం వాసన వచ్చింది. తలుపు తీసేసరికి మైనం కరిగి సాస్‌లోకి దిగింది. వంటకమంతా గులాబీ రంగు. మధ్యలో చిగుళ్ళ ముక్కలా ఏదో తేలుతోంది.

"ఏంటది?" అంది ఆవిడ.

"చిగుళ్ళ మైనం" అన్నాను.

వచ్చింది. నవ్వు వచ్చింది, నేను విన్నాను! గొంతులోంచి ఎగదన్నుకుని వచ్చి నోటి దాకా వచ్చాక చెయ్యి దబ్బున మూసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళిపోయింది.

ఇద్దరం సూప్ తాగాం. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత సంతోషంగా ఉంది. నవ్వు చచ్చిపోలేదు, చెయ్యి వెనకాల ఉంది.

మార్చి 14

ఆ చెయ్యి ఎందుకు అడ్డం వస్తోంది? సెట్టులో లోపం లేదు కదా.

మార్చి 17

ఇవాళ ఆవిడ నాతో మార్కెట్‌కు వస్తానంది. సెట్టు పెట్టుకునే వచ్చింది. దారిలో ఎవరో "ఎప్పుడొస్తారు మేడం, మీ గొంతు లేక బస్సులన్నీ ఒకేలా ఉన్నాయి" అని పలకరించారు. తలూపింది. నోరు విప్పలేదు.

బావమరిది దుకాణంలో గాజు తొట్టి. అందులో ఒకే ఒక లాబ్‌స్టర్, బాగా పెద్దది. నాకు నచ్చింది. తీరా అది ఇటు తిరిగితే ఎడమ డెక్క కుడిదానిలో సగం కూడా లేదు.

"ఇదేంట్రా, ఒకటి చిన్నది? ఇంకోటి లేదా?"

"అదెక్కడో పోగొట్టుకుంది బావా. ఊడితే వీటికి మళ్ళీ మొలుస్తుంది. ఇంకా పెరుగుతోంది. రుచికేం తక్కువ లేదు."

"ప్లేట్లో బాగుండదు. అక్క ముందు అవిటిదాన్ని పెట్టమంటావా?" అన్నాను. ఇంకా తెలివిగా, "పోనీ పిండి ముద్దతో ఆ చిన్నదాన్ని పెద్దదానిలా చేసి కాల్చేస్తే ఎవరికీ తెలియదు" అన్నాను కూడా.

"దాన్ని కూడా సరిచేస్తారా?"

ఆవిడ అడిగింది. చెయ్యి అడ్డం లేదు. వీధిలో, అందరి ముందు, నేను చేసిన తెల్లటి వరస కనబడేలా అడిగింది.

"అంటే?"

"నా పళ్ళ సందు ఏం చేశారు?"

"పూడ్చాను. లోపం కదా అది."

"మీకు ఎవరు చెప్పారు లోపమని? మీరు ఎప్పుడైనా అడిగారా? అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి మనిషి పళ్ళికిలించినట్టుంది. నోరు విప్పితే ఆ మనిషి గొంతే వస్తోంది. ఇంట్లో మైకు లేకుండా ఎన్నిసార్లు చెప్పి చూసుకున్నానో తెలుసా? బస్సు, బస్సు, బస్సు అని! అది నేను కాదు. ఆ కుర్చీలో పరాయి మనిషిని నేను కూర్చోబెట్టను."

బావమరిది కత్తి కింద పెట్టి లేని పని వెతుక్కుంటూ దుకాణం వెనక్కు పోయాడు. నేను తొట్టి వంక చూస్తూ నిలబడ్డాను. 

"నొప్పిగా ఉందని చెప్పొచ్చుగా" అన్నాను చివరికి, అంతకంటే తెలివైన మాట దొరక్క.

"నొప్పి లేదు. చాలా బాగా కుదిరాయి. అదే కదా, మీరు అంత ఇష్టంగా చేస్తే ఏమని చెప్పను?"

ఇంటికి నడిచి వచ్చాం.  వచ్చేముందు బావమరిదికి చెప్పాను, ఆ లాబ్‌స్టర్‌ను ఎవరికీ అమ్మొద్దని.

మార్చి 18

ప్లాస్టర్ అచ్చు కడిగాను.

దుమ్ము పోయాక చూస్తే అన్నీ ఉన్నాయి. సందు, పక్కకు తిరిగిన కోరపన్ను, నవ్వడం వల్ల చెదిరిన మూల. రోజూ దీని కిందే పేజీలు పెట్టి సెట్టులో లోపం లేదని రాసుకున్నాను.

మార్చి 20

పళ్ళను వరసలో పేర్చడం సులువు. వరస తప్పించడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. చెయ్యి దానంతట అదే సరిచేసేస్తుంది. కొత్త సెట్టుకు మైనం మీద కోరపన్ను తిప్పి పెట్టి పక్కకు తిరిగి చూసేసరికి నిటారుగా నిలబడి ఉంది. నేనే నిలబెట్టాను, ఎప్పుడో తెలియదు.

మార్చి 21

మైనం మళ్ళీ కరిగించి మొదటి నుంచి మొదలుపెట్టాను.

మార్చి 22

సందు ఎంత ఉండాలన్నది అచ్చు చూసి కొలిచాను. కొలత ప్రకారం పెడితే చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఈల వస్తుందా? అది అచ్చులో లేదు. నాకు నేనే పెట్టుకుని ఊదలేను కదా. కళ్ళు మూసుకుని ఆ గొంతు గుర్తు తెచ్చుకుంటూ, ఒక చిటికెడు గీకాను. ఇన్నేళ్ళూ వినకూడదనుకుంటూనే ఎంత శ్రద్ధగా విన్నానో!

ఆవిడకు చెప్పలేదు. రాత్రి పని ఎక్కువగా ఉందంటే నమ్మింది. నమ్మినట్టు ఊరుకుంది.

మార్చి 25

డాక్టరమ్మ సెట్టు చేతిలోకి తీసుకుని వెలుగులో పట్టుకుని చూసింది.

"ఇదేంటండీ, సందు వదిలేశారు? మీ పనిలో ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదే."

"వదల్లేదండీ. పెట్టాను."

డాక్టరమ్మ నా మొహం చూసింది, మళ్ళీ సెట్టు చూసింది. నవ్వి, "పాత సెట్టు కంటే ఇదే కష్టమై ఉంటుంది. ముందు ఇంట్లో పెట్టుకుని చూడమనండి. ఎక్కడైనా ఒరుసుకుంటే నేను చూస్తాను" అంది. జీతం సంగతి ఎత్తలేదు.

మార్చి 28

ఆదివారం. రాయడానికి చాలా ఉంది, కడుపు నిండి కదలలేకపోతున్నాను.

పొద్దున్నే బావమరిది చిన్న డెక్క లాబ్‌స్టర్ తెచ్చాడు. "దీన్ని అడిగిన వాళ్ళందరికీ బేరమైపోయిందని చెప్పి చెప్పి నోరు పడిపోయింది" అన్నాడు. అది ఫ్రీజర్లో నిద్రపోతుండగా నేను గ్లాసులో పాత సెట్టు తీసి కొత్తది వేశాను. ఏమీ చెప్పలేదు. భయం వేసింది, నిజం. మార్కెట్లో అన్న మాటలకు ఇది సమాధానమో కాదో తెలియదు.

వంట ఈసారి ఎక్కడా ఆగలేదు. సొన మంట మీద పోయలేదు. డొప్పకు నెర్రె పడింది, మళ్ళీ! మైనం జోలికి పోలేదు. నెర్రె పడిన వైపు కాస్త తక్కువ నింపాను, అంతే. డెక్కలు రెండూ అలాగే ప్లేట్లో అటొకటి ఇటొకటి పెట్టాను, పెద్దది పెద్దగా, చిన్నది చిన్నగా. చీజ్ ఒక చోట ఎక్కువ మాడింది. హోటల్ వాళ్ళు చూస్తే బయటకు పంపేవాళ్ళు.

బల్ల దగ్గర బావమరిది, నేను. ఆవిడ రాలేదు. గ్లాసు ఉన్న గదిలో ఉంది. ప్లేటు లోంచి పొగలు పోతున్నాయి.

"చల్లారిపోతుంది బావా."

"ఉండరా."

వచ్చింది. చెయ్యి కిందికే ఉంది. పెదాలు మాత్రం బిగించి ఉన్నాయి. కూర్చుంది. డొప్పలోంచి ఒక ముక్క తీసుకుంది, నమిలింది.  ఇంకో ముక్క తీసుకుంది. బావమరిది నా కాలు తొక్కాడు. ఎందుకు తొక్కాడో వాడికీ తెలియదు.

అప్పుడు చిన్న డెక్క తీసింది. నేను పట్టకారు అందించబోయాను. అందుకోలేదు. నోట్లో పెట్టుకుంది.

"వద్దు! సెట్టు విరుగుతుంది!"

పటుక్కుమంది.

ముగ్గురం బిగుసుకుపోయాం. విరిగింది డెక్కా, సెట్టా? వారం రోజుల పని. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి నా వంక చూస్తోంది. మెల్లగా నోట్లోంచి డెక్క తీసింది. సరిగ్గా మధ్యకు విరిగి ఉంది. కొత్తగా మొలిచింది కదా, దాని డొప్ప పల్చన. ఆవిడ నోరు ఏదో అనబోతూ తెరుచుకుంది, అంతే, సందులోంచి రసం చిమ్మి బావమరిది తెల్ల చొక్కా మీద పడింది.

నవ్వింది. చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి. కింద వీధిలో ఎవరో తలెత్తి చూసి ఉంటారు, చూడాలి కూడా. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ "ఆవ ఎక్కువైంది" అంది. "కాసింత సాస్ వెయ్యండి" అంది.

సాస్ అన్నప్పుడు వినబడింది. సన్నగా, చివర్లో.

ఆవిడకూ వినబడింది. చెంచా పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "సాస్" అంది మళ్ళీ. నా వంక చూసి ఇంకోసారి, "సాస్". నాకు ఏడుపు వచ్చింది. వస్తే వచ్చింది, ఇది నా డైరీ.

"అక్కా, సాస్ నీ ముందే ఉంది" అన్నాడు బావమరిది, చొక్కా తుడుచుకుంటూ.

మార్చి 30

పాత సెట్టు పారేయనివ్వలేదు. "ఎంత బాగా చేశారు! అలా ఉంచండి" అని అద్దాల బీరువాలో పెట్టింది. నాకు సిగ్గుగా ఉంది, గర్వంగా కూడా.

ఏప్రిల్ 1

పొద్దున ఆవిడ వెళ్ళాక నేనూ బయల్దేరాను. ల్యాబ్‌కు ఆలస్యమవుతుందని ఫోన్ చేసి బస్ స్టేషన్‌కు వెళ్ళాను. నాకు ఎక్కడికీ వెళ్ళే పని లేదు. చివరి బెంచీ మీద సంచీ పెట్టుకుని ప్రయాణికుడిలా కూర్చున్నాను.

మైకు గరగరమంది. తర్వాత ఏమీ లేదు. ఆ ఖాళీలో సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఆలస్యంగా వస్తున్న బస్సు..."

పక్కన పేపరు చదువుతున్న ముసలాయన తలెత్తాడు. ఒక పెట్టె మీద కూర్చున్న పోర్టరు తలెత్తాడు. "వచ్చిందిరా ఈల మేడం!" అని అవతలి వాడికి కేకేశాడు.

నేను లేచి నిలబడలేదు, మొహం దాచుకోలేదు. ఆ బస్సు వచ్చింది, వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. అన్నీ విన్నాక ల్యాబ్‌కు వెళ్ళాను.

సెట్టులో లోపం ఉంది. ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.